కర్ర పట్టుకుని డ్యూటీకి వెళ్తున్న అమ్మాయి, సదరం సర్టిఫికెట్, రాజీనామా: ఒక నాన్న ప్రశ్నకి జవాబు

సూర్యాపేట నుంచి ఒక నాన్న పెద్ద మెసేజ్ పెట్టారు, కుదించి చెప్తా. అమ్మాయికి 26, బీకాం అయ్యింది, హైదరాబాద్‌లో మెడికల్ బిల్లింగ్ ఆఫీసులో పని, జీతం 19,500. ఎనిమిది నెలల కింద పొద్దున్నే డ్యూటీకి వెళ్తుంటే స్కూటీని కారు గుద్దింది, తుంటి దగ్గర విరిగి రాడ్ వేశారు, ఇప్పుడు ఎల్బో కర్ర పట్టుకుని నడుస్తోంది, మళ్ళీ ఆఫీసుకి కూడా వెళ్తోంది. ఈయన అడిగేదేంటంటే ఉద్యోగం చేస్తూ ఉంటే సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ప్రభుత్వం తరఫున ఇచ్చే కాగితం) ఇస్తారా, పింఛన్ వస్తుందా, కంపెనీకి తెలిస్తే తీసేస్తారా, అదంతా ఎందుకు ఉద్యోగం మాన్పించి అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి పెడితే పీహెచ్ (వికలాంగుల) కోటాలో ఈజీగా గవర్నమెంట్ జాబ్ కొట్టొచ్చు అంటున్నారు, రెండూ పోల్చి చెప్పండి అని. ఆఖర్న ఒక లైన్ ఉంది, "సర్టిఫికెట్ తీసుకుంటే రేపు సంబంధాలకి అడ్డం అవుతుందేమో".

సార్, మిగతావన్నీ ఆ ఆఖరి లైను చుట్టూ తిరుగుతున్నాయి. మీలాంటి మెసేజ్‌లు చాలా వస్తాయి నాకు, ఊరు మారుతుంది, ఎముక మారుతుంది, భయం మాత్రం ఇదే, కాగితం మీదకి ఎక్కితే అమ్మాయికి ముద్ర పడిపోతుందని. ఒక్కసారి ఆలోచించండి, చూడ్డానికి వచ్చేవాళ్ళు చూసేది ఆమె నడకని, చేతిలో కర్రని. సర్టిఫికెట్ బీరువాలో ఉంటుంది. దాచిపెట్టి చేసే పెళ్ళి అయితే అసలు చెయ్యకండి. దాచేది లేకపోతే ఆ కాగితం వల్ల పోయేది ఏమీ లేదు, రావాల్సినవి మాత్రం చాలా ఉన్నాయి.

పని చేస్తూ ఉంటే ఇస్తారా అన్నారు కదా, శుభ్రంగా ఇస్తారు. సదరం క్యాంపులో డాక్టర్ పే స్లిప్ అడగడు. కాలు జాయింటు ఎంతవరకు వంగుతోంది, కండరాల బలం ఎంత, కాలు ఎంత పొట్టి అయ్యింది అని చూస్తారు, తర్వాత మెట్లు ఎక్కగలదా, ఏటవాలులో నడవగలదా, ఆ ఒక్క కాలి మీద నిలబడగలదా, బాసింపట్టు వేసుకుని కూర్చోగలదా, గొంతుక్కూర్చుని లేవగలదా అని చూసి శాతం వేస్తారు. ఇక్కడ తల్లిదండ్రులు చేసే పని ఒకటుంది, పక్కన నిలబడి "నడుస్తుందండీ, బాగానే నడుస్తుంది" అని డాక్టర్‌కి చెప్పడం! పరువు కోసం అక్కడ అలా చెప్పి ఇంటికొచ్చి శాతం తక్కువ వేశారని బాధపడటం. నటించొద్దు, ధైర్యం చూపించొద్దు, మామూలు రోజున ఎలా ఉంటే అలా కనబడితే చాలు. అప్లికేషన్ యూడీఐడీ అనే కేంద్రం వాళ్ళ వికలాంగుల కార్డు పోర్టల్‌లో పెట్టాలి, మీసేవలో కూడా చేసిపెడతారు, ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రేలు అన్నీ పట్టుకెళ్ళండి. ఎనిమిది నెలలే కాబట్టి ఇంకా బాగయ్యే అవకాశం ఉందనుకుంటే టెంపరరీ అని గడువు పెట్టి ఇస్తారు, దానికి కంగారు పడక్కర్లేదు.

పింఛన్ సంగతి కటువుగానే చెప్తా, రాదు. తెలంగాణలో వికలాంగుల పింఛన్ 4,016, దానికి కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు, మీ అమ్మాయి జీతమే దాన్ని దాటేసింది. ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు అని వాట్సాప్‌లో తిరిగేది కూడా మీకు పనికిరాదు, ఆ జీతానికి టాక్సే లేదు. ఆర్టీసీ రాయితీ పాస్ కూడా అంతే, మహాలక్ష్మి పుణ్యమా అని ఆడవాళ్ళకి ఎలాగూ జీరో టికెట్, బస్సు మెట్టు ఎత్తు తగ్గించే స్కీమ్ మాత్రం ఎవరూ పెట్టలేదు.

కానీ మీ మెసేజ్‌లో ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయా. "డ్యూటీకి వెళ్తుంటే" అని రాశారు, ఇంకో చోట "ఈఎస్ఐ వాళ్ళు కొన్నాళ్ళు సెలవు డబ్బులు ఇచ్చారు" అని రాశారు. సార్, ఇంటి నుంచి డ్యూటీకి వెళ్ళే దారిలో, ఆ టైముకి, ఆ రూట్లో జరిగిన యాక్సిడెంట్‌ని ఈఎస్ఐలో, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమాలో, ఉద్యోగ ప్రమాదం కిందే లెక్కేస్తారు. ఇప్పుడు అమ్మాయి బ్యాంక్ స్టేట్‌మెంట్ తెరిచి ఆ సెలవు డబ్బులు ఎంత పడ్డాయో చూడండి. రోజు జీతంలో 90 శాతం దగ్గర పడితే ఉద్యోగ ప్రమాదంగా రాశారని అర్థం, 70 శాతం దగ్గరే ఆగితే మామూలు జబ్బు సెలవు కింద రాసేశారని, కంపెనీ యాక్సిడెంట్ రిపోర్ట్ పంపలేదని అనుమానించాలి. చాలామందికి జరిగేది ఇదే, హెచ్ఆర్‌కి తెలియదు, అడిగేవాళ్ళు లేరు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఉద్యోగ ప్రమాదమని ఒప్పుకుంటే కేసు ఈఎస్ఐ మెడికల్ బోర్డుకి వెళ్తుంది, సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో వాళ్ళు తేలుస్తారు, ఇది సదరం శాతంతో సంబంధం లేని వేరే లెక్క. శాశ్వతంగా పోయిందని తేలిస్తే ఆ శాతం ప్రకారం నెలనెలా డబ్బు వస్తుంది, ఉద్యోగం చేస్తూ ఉన్నా సరే, జీతం జీతమే ఇది ఇదే. ఊరికే ఉదాహరణకి చెప్తున్నా, 19,500 అంటే రోజుకి 650, అందులో 90 శాతం 585, బోర్డు 30 శాతం అని వేసిందనుకోండి రోజుకి 175 చిల్లర, నెలకి 5 వేలు దాటుతుంది. మీరు రాని 4,016 గురించి ఊళ్ళో నలుగురిని అడుగుతున్నారు, రావాల్సిన దీని గురించి ఎవర్నీ అడగలేదు. ఆలస్యం అయ్యేకొద్దీ కష్టం, ఎఫ్ఐఆర్ కాపీ, ఆ రోజు షిఫ్ట్ టైమింగ్, ఆసుపత్రిలో మొదటి చీటీ పట్టుకుని ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకి వెళ్ళండి. గుద్దిన కారు మీద మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్ వేశారో లేదో కూడా రాయలేదు మీరు, వెయ్యకపోతే ఈ వారమే లాయర్‌ని కలవండి.

కంపెనీ తీసేస్తుందా? ఉన్నదున్నట్టు చెప్తా, సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, కేడర్ తగ్గించకూడదు అని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో స్పష్టంగా రాసింది ప్రభుత్వ సంస్థలకి, ప్రైవేటుకి అంత గట్టి రక్ష లేదు. అయినా సమాన అవకాశాల పాలసీ ప్రతి సంస్థా పెట్టుకోవాలి, ప్రైవేటువాళ్ళు కూడా. పైగా ఆమె కర్రతోనే ఆఫీసుకి వెళ్తోంది కదా సార్, కంపెనీకి తెలియంది ఏముంది ఇందులో? సర్టిఫికెట్ చేతిలో ఉంటే వాష్‌రూమ్‌కి దగ్గర సీటు, కింద ఫ్లోరు, క్యాబ్ అడగడానికి నోరు లేస్తుంది. ఇంకోటి, మామూలుగా జీతం 21 వేలు దాటితే కొత్తగా ఈఎస్ఐలో చేర్చుకోరు, వైకల్యం ఉన్నవాళ్ళకి ఆ హద్దు 25 వేలు. రేపు హైక్ వచ్చినా, కంపెనీ మారినా కాలు ట్రీట్‌మెంట్‌కి ఇది ఎంత అవసరమో మీకే తెలుసు.

ఇక అశోక్‌నగర్. ఈ "పీహెచ్ కోటాలో ఈజీ" అనే మాట ఎవరు పుట్టించారో గానీ దాన్ని నమ్మి ఉద్యోగాలు మానేసినవాళ్ళని చూస్తే నాకు కడుపు మండుతుంది. రిజర్వేషన్ మొత్తం 4 శాతం, అందులో కదలికకి సంబంధించిన వైకల్యాలకి 1 శాతం, ఆ ఒక్క శాతంలోనే పోలియో, సెరిబ్రల్ పాల్సీ, మరుగుజ్జులు, యాసిడ్ దాడి బాధితులు, కండరాల క్షీణత ఉన్నవాళ్ళు అందరూ. 2022లో 503 పోస్టులకి గ్రూప్-1 ఇచ్చారు, ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది, 2024లో 563 పోస్టులతో మళ్ళీ కొత్త నోటిఫికేషన్, ఆ ఫలితాలు కూడా 2025లో కోర్టుకెక్కాయి. 563లో ఒక శాతం ఎంతో మీరే లెక్కేసుకోండి, అదీ డీఎస్పీ లాంటి పోస్టులు పక్కన పెట్టాక. నోటిఫికేషన్‌లో పోస్టు పక్కన ఓఎల్ అని ఉంటేనే ఒక కాలు దెబ్బతిన్నవాళ్ళు అర్హులు, అది చూడకుండా కోచింగ్‌వాళ్ళు ఫీజు కట్టించేసుకుంటారు. గంటకి 20 నిమిషాలు ఎక్కువ టైమ్ ఇస్తారట కదా అని కూడా కొందరు అంటారు, అది రాయడానికి ఇబ్బంది ఉన్నవాళ్ళకి, కాలు ఇబ్బందికి రాదు.

అన్నిటికన్నా ముందు, ఆ కోటాకి 40 శాతం ఉండాలి. మీ అమ్మాయికి ఎంత వేస్తారో ఇంకా ఎవరికీ తెలియదు! 35 వేస్తే? చేతిలో ఉద్యోగం పోయి, కోటా లేక, లిఫ్ట్ లేని హాస్టల్లో మూడో అంతస్తు మెట్లు కర్రతో ఎక్కి దిగుతూ ఉండాలి, అక్కడి హాస్టళ్ళు ఒకసారి వెళ్ళి చూసి రండి, మీరే రెండోసారి ఎక్కరు. స్టడీ హాల్లో పది గంటలు కదలకుండా కూర్చోవడం ఆ తుంటికి మంచిదో కాదో ఆర్థో డాక్టర్‌ని ఎవరైనా అడిగారా?

గవర్నమెంట్ జాబ్ వద్దని అనట్లేదు. 40 శాతం వస్తే సెంట్రల్‌లో, స్టేట్‌లో వయసు సడలింపు 10 ఏళ్ళు, ఎస్ఎస్‌సీకి (పదో తరగతి కాదు, సెంట్రల్ ఉద్యోగాల స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ఫీజు కూడా ఉండదు, అంటే ఆమెకి బోలెడు టైమ్ ఉంది, తొందర మీకు. బీకాం అమ్మాయి, లెక్కలు పోయి ఉండవు, బ్యాంక్ క్లర్క్, ఎస్ఎస్‌సీ లాంటివి ఉద్యోగం చేస్తూనే పొద్దున రెండు గంటలు కూర్చుని రాసుకోవచ్చు, వారం చివర్లో ఆన్‌లైన్ మాక్ టెస్టులు. రెండు దారులు పోల్చమన్నారు, నిజానికి పోల్చడానికి రెండు లేవు, ఉద్యోగంలో ఉంటూ పరీక్షలు రాయడమే ఉంది.

కొంచెం కోపంగానే ఈ మాట కూడా అనేస్తా. అంత పెద్ద మెసేజ్‌లో బావమరిది ఏమన్నాడో ఉంది, పక్కింటి టీచర్ గారు ఏమన్నారో ఉంది, అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. తుంటి విరిగిన పిల్ల నెలలు తిరిగేలోపు కర్ర పట్టుకుని సిటీ బస్సెక్కి డ్యూటీకి వెళ్తోందంటే ఆ ఉద్యోగం ఆమెకి జీతం ఒక్కటే కాదు, మంచం మీద ఉన్న రోజుల నుంచి ఆమెని లేపిందే అది. దాన్ని మాన్పించి గదిలో కూర్చోబెడతా అంటున్నారు మీరు, జాలితోనే అనుకోండి. మీ భయం నాకు అర్థం కాక కాదు, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదని రాశారు, ఆ మాట చదివి నాకూ కష్టమే అనిపించింది. కానీ ఆమె బాగానే ఉంది సార్, నిజంగా. మీరు అనుకున్నదానికన్నా చాలా బాగుంది.

సదరం అప్లికేషన్ ఆమెనే పెట్టుకోనివ్వండి, సంతకం ఆమెది, ఫోన్ నంబర్ ఆమెది. క్యాంపు రోజు తోడు వెళ్ళండి, డాక్టర్ అడిగినవాటికి ఆమెనే చెప్పనివ్వండి. ఈఎస్ఐ డబ్బులు 70 పడ్డాయా 90 పడ్డాయా చూశాక స్టేట్‌మెంట్‌లో ఆ లైన్ ఫోటో తీసి పంపండి, యాక్సిడెంట్ రిపోర్ట్ కోసం హెచ్ఆర్‌కి ఏం రాయాలో చెప్తా. ఆ మెసేజ్ మాత్రం అమ్మాయి ఫోన్ నుంచి రావాలి.