హెడ్‌ఫోన్స్‌లో బాగుంది, స్టేజ్ మీద ముద్దగా ఉంది

ప్రశ్న: లైన్ 6 హీలిక్స్ ఎల్‌టీ (ఆంప్‌లు, స్పీకర్లు, ఎఫెక్ట్‌ల శబ్దాన్ని అనుకరించే గిటార్ మోడలర్) కొని ఏడాదైంది. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో టోన్ అదిరిపోతుంది. ఈమధ్య ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్ ఒకటి, వింటేజ్ 30 స్పీకర్లున్న 2x12 క్యాబినెట్ (12 అంగుళాల స్పీకర్లు రెండున్న పెట్టె) తీసుకున్నాను. అదే ప్యాచ్ (మోడలర్‌లో దాచుకున్న టోన్ సెట్టింగ్) వాటిలోంచి వాయిస్తే దుప్పటి కప్పినట్టు వస్తోంది. మోడలర్లు అసలు క్యాబినెట్లకు పనికిరావని మా బేసిస్ట్ అంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: కాదండీ, భేషుగ్గా పనికొస్తాయి. మీ ప్యాచ్‌లో క్యాబ్ బ్లాక్ ఉంటుంది కదా, ముందు దాన్ని ఆపేసి వినండి, సగం ముద్దతనం అక్కడే పోతుంది. మైక్ పెట్టిన క్యాబినెట్ ఎలా వినిపిస్తుందో ఆ బ్లాక్ అలా అనుకరిస్తుంది. హెడ్‌ఫోన్స్‌కి, పీఏకి (జనం వినే సౌండ్ సిస్టమ్‌కి) అది తప్పనిసరి, లేకపోతే డిస్టార్షన్ కందిరీగల మోతలా ఉంటుంది. కానీ గిటార్ స్పీకర్ ఆ పని తనే చేస్తుంది. వింటేజ్ 30కి సెలెస్టియన్ కంపెనీ చెప్పే పరిధి 70 నుంచి 5,000 హెర్ట్జ్, ఆ పైన ఉన్నది చాలావరకు స్పీకరే కోసేస్తుంది. మీరు బ్లాక్‌తో ఒకసారి, స్పీకర్‌తో ఇంకోసారి కోస్తున్నారు, అదీ సంగతి.

మరి సౌండ్ ఇంజినీర్‌కి ఏం ఇవ్వాలంటారా? ఆయనకు క్యాబ్ బ్లాక్ కావాలి. అందుకే ఆంప్ బ్లాక్ తర్వాత దారిని రెండుగా చీల్చండి: ఒక దారిలో క్యాబ్ పెట్టి దాని అవుట్‌పుట్‌ని ఇంజినీర్‌కి వెళ్లే ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌కి, క్యాబ్ లేని రెండోదాన్ని మీ పవర్ ఆంప్‌కి వెళ్లే క్వార్టర్ ఇంచ్ సాకెట్‌కి పంపండి. అవుట్‌పుట్ ‘మల్టీ’లో వదిలేస్తే రెండూ కలిసి అన్ని చోట్లకీ వెళ్తాయి, ఇది చాలామంది చూసుకోరు. గ్లోబల్ సెట్టింగ్స్‌లో పెద్ద వాల్యూమ్ నాబ్‌ని క్వార్టర్ ఇంచ్‌కి మాత్రమే కేటాయించండి, అప్పుడు స్టేజ్ మీద మీరెంత పెంచినా తగ్గించినా జనానికి వెళ్లే లెవెల్ కదలదు.

ఇక ప్యాచ్‌లు హెడ్‌ఫోన్స్‌లో చేసే అలవాటు మానేయండి. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు, అందుకే ఇంట్లో వాటిని పెంచుకుంటాం, స్టేజ్ మీద అవే మీద పడతాయి. ఒకసారి వినాయక చవితి పందిట్లో నా గిటార్ బేస్ గిటార్‌లో పూర్తిగా కలిసిపోయి సోలో ఎవరికీ వినపడలేదు, ఆ బాధ నాకింకా గుర్తుంది. అప్పట్నుంచి రిహార్సల్‌లో, డ్రమ్స్ మోగుతుండగా, నిలబడి టోన్ సరిచేస్తున్నాను: 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది బేస్‌ని కోసేయడం), గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) ఇంట్లో కంటే బాగా తక్కువ, మిడ్స్ (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్యవి) కాస్త ఎక్కువ. ఒంటరిగా వింటే ఆ టోన్ పొడిగా అనిపిస్తుంది, బ్యాండ్‌లో మాత్రం సరిగ్గా కూర్చుంటుంది. ఇంకోటి, 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ని టార్చిలైట్‌లా సూటిగా కొడుతుంది. క్యాబినెట్ మీ మోకాళ్ల దగ్గర ఉంటే మీకు ముద్దగా, ముందు వరసలో వాళ్లకి సూదిలా ఉంటుంది. వెనక్కి వాల్చండి, లేదా కుర్చీ మీద పెట్టండి.

ప్రశ్న: నా పవర్ ఆంప్ మీద కనీసం 4 ఓమ్స్ (స్పీకర్ నిరోధం) అని ఉంది, క్యాబినెట్ 16 ఓమ్స్. పాడవుతుందా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ట్రాన్సిస్టర్ పవర్ ఆంప్ అయితే ఏమీ కాదమ్మా, పవర్ మాత్రం బాగా తగ్గుతుంది. 4 కంటే కిందికి వెళ్తేనే ప్రమాదం. వాల్వ్ (ట్యూబ్) ఆంప్ అయితే ఓమ్స్ సరిపోలాల్సిందే, స్పీకర్ లేకుండా ఆన్ చేయనే కూడదు. పవర్ ఆంప్ నుంచి క్యాబినెట్‌కి స్పీకర్ కేబులే వాడండి. ప్లగ్ ఒకేలా ఉంటుంది కదా అని గిటార్ కేబుల్ పెడితే సన్నటి తీగ వేడెక్కుతుంది. వాల్వ్ ఆంప్ వాడేటప్పుడు మోడలర్‌లో పూర్తి ఆంప్ బదులు ప్రీఆంప్ (పవర్ ఆంప్ భాగం లేని) మోడల్ కూడా పెట్టి చూడండి, నాకు అదే తేటగా అనిపించింది.