తిరిగొచ్చిన ప్యాచ్ గురించి

చిరంజీవి చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు లినక్స్ కెర్నెల్‌కి పంపిన మొదటి ప్యాచ్‌ని (కోడ్ సవరణని), ఆ కోడ్ బాగోగులు చూసే మెయింటెయినర్ "ఇది డబుల్ ఫ్రీ" (ఒకే మెమరీని రెండుసార్లు వదలడం) అని ఒక్క ముక్కలో తిప్పి పంపాడనీ, రెండు రోజులుగా ముఖం మాడ్చుకుని కూర్చున్నావనీ మీ నాన్న చెప్పాడు. ప్యాచ్ నేనూ చదివాను. ఆయన అన్నది నిజమే. కానీ డ్రైవర్లు రాసేవాళ్లలో ఈ తప్పు చెయ్యనివాళ్లు నాకింతవరకు తారసపడలేదు. నేనైతే రెండుసార్లు చేశాను.

నీ ప్యాచ్‌నే ముందు పెట్టుకుని చూద్దాం. ఆ డ్రైవర్ రాసినవాళ్లు ప్రోబ్‌లో (పరికరం దొరకగానే నడిచే ఫంక్షన్‌లో) మెమరీ అడిగే కేజెడ్‌అలాక్‌తో ఒక స్ట్రక్చర్ తీసుకున్నారు. దాని కడుపులోనే ఒక స్ట్రక్ట్ డివైస్ ఉంది. దానికి పేరు పెట్టారు, రిలీజ్ ఫంక్షన్ తగిలించారు, దాన్ని కెర్నెల్‌లో నమోదు చేసే డివైస్_రిజిస్టర్ పిలిచారు. అది ఫెయిలైతే తమ పట్టు వదిలే పుట్_డివైస్ పిలిచి, ఎర్రర్ కోడ్ ఇచ్చి బయటికొచ్చేశారు. నువ్వు వాడిన చెకింగ్ టూల్ ఆ ఒక్క ఫంక్షన్నే చూసింది. కేజెడ్‌అలాక్ కనబడింది, ఆ మెమరీని వదిలే కేఫ్రీ కనబడలేదు, లీక్ (తీసుకున్నది తిరిగివ్వకపోవడం) అని చెప్పేసింది. నువ్వు పుట్_డివైస్ కింద కేఫ్రీ చేర్చావు. కంపైలయింది, డ్రైవర్ లోడయింది, పని అయిపోయిందనుకున్నావు.

ఆ కేఫ్రీ అదే ఫైల్లో చాలా పైన, రిలీజ్ ఫంక్షన్‌లో ముందే ఉంది. పుట్_డివైస్ వల్ల రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎందరు పట్టుకుని ఉన్నారన్న లెక్క) సున్నాకి రాగానే కెర్నెల్ ఆ రిలీజ్‌ని పిలుస్తుంది. అంటే నువ్వు పెట్టింది రెండో కేఫ్రీ. డివైస్_రిజిస్టర్‌ని ఒకసారి పిలిచాక, అది ఫెయిలైనా సరే, ఆ మెమరీ మీద ప్రోబ్‌కి హక్కు పోతుంది. పోనీ పుట్_డివైస్ తీసేసి కేఫ్రీ ఒక్కటే ఉంచుదామా అంటే అదీ కుదరదు. పేరు పెట్టినప్పుడు దానికోసం విడిగా తీసుకున్న మెమరీ ఉంటుంది, అది అలాగే ఉండిపోతుంది. నేరుగా ఫ్రీ చెయ్యకు, పుట్_డివైస్ వాడు అన్న సంగతి డివైస్_రిజిస్టర్ పైనున్న కామెంట్‌లోనే ఉంది. "నెవర్" అన్న మాటకి అటూ ఇటూ అండర్‌స్కోర్లు పెట్టి మరీ రాశారు. ఏ ఫంక్షన్ పిలుస్తున్నా దాని పైనున్న కామెంట్, దాని లోపలి కోడ్ ఒకసారి చూసి రా. టూల్ ఆ పని చెయ్యలేదు, నువ్వూ చెయ్యలేదు.

ఆయన ఎందుకంత కటువుగా అన్నాడో కూడా చెబుతాను. నిజంగా లీకే అయి ఉంటే, ప్రోబ్ ఫెయిలైనప్పుడల్లా కొన్ని వందల బైట్లు పోయేవి. ఎవరికీ తెలిసేది కూడా కాదు. డబుల్ ఫ్రీ అలా కాదు. అలోకేటర్ ఒకే చోటుని ఇద్దరికి ఇచ్చేస్తుంది. ఇక్కడ నువ్వు చేసిన తప్పుకి ఎక్కడో సంబంధం లేని ఫైల్‌సిస్టమ్ కోడ్ కూలుతుంది, వాళ్లు వారాల తరబడి తమ కోడ్‌లో వెతుక్కుంటారు. దాడి చేసేవాళ్లకి దొరికితే ఇంకా ఘోరం. 2021లో దీని మీదే పెద్ద గొడవ జరిగింది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పరిశోధకులు, పైకి చిన్న బగ్ సరిచేసినట్టుండి లోపల యూజ్ ఆఫ్టర్ ఫ్రీకి (వదిలేసిన మెమరీని మళ్లీ తాకడానికి) దారితీసే ప్యాచ్‌లు పంపి, సమీక్షలో పట్టుకుంటారా లేదా అని పరీక్ష పెట్టారు. సంగతి బయటపడ్డాక ఆ విశ్వవిద్యాలయం నుంచి అంతకుముందు వచ్చిన కమిట్లన్నీ మళ్లీ తిరగేయాల్సి వచ్చింది. అప్పటినుంచి "ఎర్రర్ పాత్‌లో ఒక కేఫ్రీ" అన్న ప్యాచ్ కనబడితే మెయింటెయినర్లు మరింత అనుమానంగా చూస్తారు. నిన్ను అనుమానించాడని కాదు, ఆ రకం ప్యాచ్‌ని అనుమానించాడు.

నేను చేసేదేమిటంటే, కోడ్ ముట్టుకోకముందు ఒక నోట్‌బుక్‌లో పేజీ మధ్య గీత గీస్తాను. ఎడమవైపు ప్రోబ్ ఏమేం తీసుకుందో వరసగా: మెమరీ, క్లాక్, రెగ్యులేటర్, ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైను), డీఎంఏ బఫర్ (కార్డు తనే నేరుగా రాసే మెమరీ), రన్‌టైమ్ పవర్ కౌంట్, ఏదైనా నోడ్ రిఫరెన్స్. కుడివైపు రిమూవ్ (డ్రైవర్ విడిపోయేటప్పుడు నడిచే ఫంక్షన్) ఏమేం తిరిగిచ్చిందో. కుడివైపు వరస ఎడమవైపు దానికి తలకిందులుగా ఉండాలి. లేకపోతే అక్కడ పెన్సిల్‌తో ఒక చుక్క. ఆ తర్వాత ప్రోబ్‌లో ఒక్కో ఎర్రర్ దగ్గర ఆగి, ఇక్కడి నుంచి గోటు కొడితే ఏ లేబుల్‌కి వెళ్తుంది, అప్పటికి చేతిలో ఏమున్నాయి అని చూస్తాను. ఎవరో మధ్యలో కొత్తగా ఒక రిసోర్స్ చేర్చి, కింది గోటులు మార్చడం మర్చిపోయి ఉంటారు. నేను చూసిన ఎర్రర్ పాత్ బగ్గుల్లో సగానికి పైగా ఇవే. ఈ పని స్క్రీన్ మీద చెయ్యొద్దు, కాగితం మీదే చెయ్యి. స్క్రీన్ మీద కన్ను జారిపోతుంది.

లీక్ అంటే మెమరీ ఒక్కటే అనుకోకు. పరికరాన్ని నిద్రలేపే పీఎం_రన్‌టైమ్_గెట్_సింక్ ఫెయిలైనా వాడకం కౌంట్ పెంచేసే ఉంచుతుంది. ఎర్రర్ వచ్చింది కదా అని నేరుగా రిటర్న్ అయితే ఆ కౌంట్ ఇక దిగదు, ఆ పరికరం మళ్లీ నిద్రపోదు. అందుకే తర్వాత పీఎం_రన్‌టైమ్_రిజ్యూమ్_అండ్_గెట్ తెచ్చారు, అది ఫెయిలైతే కౌంట్ తనే తగ్గించుకుంటుంది. డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్ వివరాలు చెట్టులా రాసి ఉండే చోట) పిల్లల నోడ్ల మీద తిరిగే లూప్ ఇంకోటి. లూప్ పూర్తిగా తిరిగితే ప్రతి నోడ్‌నీ అదే వదిలేస్తుంది. మధ్యలో బ్రేక్ కొట్టినా, రిటర్న్ అయినా, ఆ క్షణంలో చేతిలో ఉన్న నోడ్‌ని నువ్వే ఓఎఫ్_నోడ్_పుట్ చెయ్యాలి. కొన్ని ఫంక్షన్లు ఫెయిలైతే నల్ ఇస్తాయి, కొన్ని ఎర్రర్‌ని పాయింటర్‌లో చుట్టి ఇస్తాయి. క్లాక్ తెచ్చే క్లక్_గెట్ రెండో రకం. అది ఇచ్చినదాని మీద నల్ చెక్ పెట్టడం దండగ.

డెవ్ఎం ఫంక్షన్ల గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే నువ్వు నీ మెయిల్‌లో "మొత్తం డెవ్ఎంకి మార్చేస్తే గొడవే ఉండదు కదా" అన్నావు. ఇవి 2007లో, 2.6.21 కెర్నెల్‌తో వచ్చాయి. తీసుకునేటప్పుడు డివైస్‌కి ముడేస్తే, ప్రోబ్ ఫెయిలైనా డ్రైవర్ విడిపోయినా కెర్నెలే వెనక నుంచి ముందుకి ఒక్కోటీ వదిలేస్తుంది. వందల ఎర్రర్ పాత్‌లు వీటివల్ల మాయమయ్యాయి, నాకూ ఇష్టమే. కాకపోతే అవి వదిలేది రిమూవ్ ఫంక్షన్ పూర్తయ్యాక. ఐఆర్‌క్యూని డెవ్ఎంతో తీసుకుని, బఫర్‌ని మాత్రం మామూలుగా తీసుకున్నావనుకో. రిమూవ్‌లో బఫర్‌ని కేఫ్రీ చేస్తావు. ఆ క్షణానికి ఐఆర్‌క్యూ ఇంకా బతికే ఉంది. ఒక్క ఇంటరప్ట్ వచ్చిందా, హ్యాండ్లర్ పోయిన బఫర్‌లో రాస్తుంది. సగం డెవ్ఎం, సగం చేత్తో అన్న డ్రైవర్ కనబడితే అనుమానించు.

ఇంకో తిరకాసు. డెవ్ఎంతో తీసుకున్న మెమరీ డ్రైవర్ విడిపోగానే పోతుంది. కానీ యూజర్ ప్రోగ్రామ్ ఒకటి ఆ డివైస్ ఫైల్‌ని తెరిచి పట్టుకుని ఉండొచ్చు. యూఎస్‌బీ వైరు పీకేశాక అది రీడ్ కొడితే, నీ రీడ్ ఫంక్షన్ పోయిన స్ట్రక్చర్‌ని తాకుతుంది. ఫైల్ తెరిచి ఉన్నంతకాలం బతకాల్సిన మెమరీకి డెవ్ఎం పనికిరాదు, రిఫరెన్స్ కౌంటే కావాలి. తీసుకున్నదెవరు అన్న ప్రశ్నతో పాటు, ఇంకా ఎవరు పట్టుకుని ఉన్నారు అని కూడా అడుగు.

ఈ రెండో ప్రశ్న నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక కంపెనీలో డేటా కార్డు డ్రైవర్ నా చేతికొచ్చింది. మాడ్యూల్ తీసేటప్పుడు యాభై సార్లకి ఒకసారి కూలేది. కూలినప్పుడు వచ్చే డంప్‌లో ఒక రిజిస్టర్ నిండా 6బి6బి6బి6బి అని ఉండేది. హార్డ్‌వేర్ చెత్త పంపుతోందనుకుని రెండు రోజులు కార్డు మార్చి మార్చి చూశాను. స్లాబ్ పాయిజనింగ్ ఆన్‌లో ఉంటే కెర్నెల్ ఫ్రీ అయిన మెమరీని 6బి బైట్లతో నింపుతుందని అప్పటికి నాకు తెలీదు. డంప్‌లో ఆ అంకె కనబడితే వేరే ఆలోచన పెట్టుకోకు, నువ్వు చచ్చిన మెమరీ చదువుతున్నావు.

తెలిశాక ఏం చేశాను? రిమూవ్ చివర గ్లోబల్ పాయింటర్‌ని నల్ చేసి, వర్క్ ఫంక్షన్ (తర్వాత చెయ్యమని హ్యాండ్లర్ క్యూలో పెట్టే పని) మొదట్లో నల్ చెక్ పెట్టాను. యాభైకి ఒకసారి కూలేది కాస్తా రాత్రంతా నడిపితే ఒకసారి కూలడం మొదలైంది. సరిచేశానని చెప్పి చెక్ఇన్ కూడా చేసేశాను. మూడు నెలలకి కస్టమర్ దగ్గర కూలింది. అసలు సంగతి రిమూవ్‌లో రెండు లైన్ల వరస. ముందు క్యాన్సిల్_వర్క్_సింక్, తర్వాత ఫ్రీ_ఐఆర్‌క్యూ, చివర కేఫ్రీ. మొదటి రెండింటి మధ్య ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ ఆ వర్క్‌ని మళ్లీ క్యూలో పెట్టేది. కేఫ్రీ అయ్యాక ఆ వర్క్ లేచేది. ఆ రెండు లైన్లూ అటుదిటు చేస్తే చాలు: కార్డులో ఇంటరప్ట్ ఆపు, ఐఆర్‌క్యూ వదులు (నడుస్తున్న హ్యాండ్లర్ పూర్తయ్యేదాకా అదే ఆగుతుంది), అప్పుడు వర్క్ రద్దు చెయ్యి, అప్పుడు మెమరీ వదులు. నా నల్ చెక్ బగ్‌ని దాచిందే తప్ప తీయలేదు. టైమర్ వర్క్‌ని లేపుతూ, వర్క్ టైమర్‌ని లేపుతూ ఉండే డ్రైవర్లలో ఏది ముందు ఆపినా రెండోది దాన్ని మళ్లీ లేపుతుంది. వాటికోసమే 6.2 కెర్నెల్‌లో టైమర్_షట్‌డౌన్_సింక్ వచ్చింది. అది పిలిచాక ఆ టైమర్ మళ్లీ లేవదు.

టూల్స్ వాడు, కానీ ఏది దేన్ని చూడదో తెలుసుకుని వాడు. కాసాన్ (కెర్నెల్‌లో మెమరీ తప్పులు పట్టే టూల్) 4.0 కెర్నెల్ నుంచి, అంటే 2015 నుంచి ఉంది. ప్రతి ఎనిమిది బైట్లకీ ఒక బైటు లెక్క రాసుకుంటుంది, అందుకని మెమరీ తింటుంది, నెమ్మదిస్తుంది. ఫర్వాలేదు. యూజ్ ఆఫ్టర్ ఫ్రీ రిపోర్ట్‌లో మూడు స్టాక్‌లు ఇస్తుంది: ఎవరు తాకారు, ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలారు. అందరూ మొదటిది చదివి అక్కడ చెక్ పెడతారు. నువ్వు మూడోదాంతో మొదలుపెట్టు. కాసాన్ చూడలేనిది డీఎంఏ. సీపీయూ చేసే చదువు రాతలనే అది చూస్తుంది. కార్డు తనంతట తాను ఫ్రీ అయిన బఫర్‌లో రాస్తే కాసాన్ నోరు మెదపదు. అందుకే బఫర్ వదిలేముందు కార్డు డీఎంఏ ఆపిందని రిజిస్టర్ చదివి మరీ నిర్ధారించుకో. కేమెమ్‌లీక్ ఏ పాయింటరూ చూపించని మెమరీని పట్టుకుంటుంది. ఏదో ఒక లిస్టులో చేరి పెరుగుతూనే ఉన్న మెమరీని లీక్ అనుకోదు.

ఎర్రర్ పాత్‌లో బగ్గులు ఏళ్ల తరబడి ఉండిపోతాయంటే కారణం ఒక్కటే, ఆ లైన్లు ఎవరి మెషీన్లోనూ ఎప్పుడూ నడవవు. నువ్వే నడిపించు. ఫెయిల్‌స్లాబ్ ఆన్ చేస్తే మెమరీ అడిగినప్పుడు అప్పుడప్పుడూ కావాలనే లేదంటుంది. కెర్నెల్ కాన్ఫిగ్‌లో డీబగ్ టెస్ట్ డ్రైవర్ రిమూవ్ అని ఒకటుంది, అది పెడితే ప్రతి డ్రైవర్‌నీ ప్రోబ్ చేసి, రిమూవ్ చేసి, మళ్లీ ప్రోబ్ చేస్తుంది. ఇవేవీ లేకపోయినా సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ తన సంగతులు ఫైళ్లుగా చూపే చోట) డ్రైవర్‌ని తగిలించే బైండ్, విడదీసే అన్‌బైండ్ ఫైల్స్ ఉన్నాయి. ఒక షెల్ లూప్ రాసి వెయ్యిసార్లు తిప్పి భోజనానికి వెళ్లు. నీ ప్యాచ్ ఇలా డివైస్_రిజిస్టర్ ఫెయిలయ్యేట్టు చేసి ఒక్కసారి నడిపినా కాసాన్ అక్కడికక్కడే చెప్పేది.

కమిట్ మెసేజ్ సంగతి క్లుప్తంగా. బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో గిట్ బ్లేమ్‌తో వెతికి, ఫిక్సెస్ ట్యాగ్‌లో దాని హ్యాష్ మొదటి 12 అక్షరాలు ఇవ్వు. బగ్ ఎలా బయటపడిందో రాయి. టూల్ చెప్పి ఉంటే టూల్ చెప్పిందని రాయి, హార్డ్‌వేర్ మీద నడపకపోతే కంపైల్ మాత్రమే చేశానని రాయి. ఒప్పుకుంటే చిన్నతనం అనుకోకు, అలా రాయని ప్యాచ్‌లే మెయింటెయినర్‌కి టెన్షన్.

ఇప్పుడు నీ డ్రైవర్ సంగతి. ఆ ప్యాచ్ వదిలెయ్యి, అక్కడ సరిచెయ్యాల్సింది ఏమీ లేదు. మెయింటెయినర్‌కి రెండు లైన్ల జవాబు రాయి, రిలీజ్ ఫంక్షన్ చూడలేదని. సాకులు వద్దు. అయితే నేను గీత గీసుకుని చదివినప్పుడు అదే ప్రోబ్‌లో ఒక చుక్క పడింది. పిల్లల నోడ్ల మీద లూప్ ఉంది చూడు, అందులో మూడు రిటర్న్‌లున్నాయి. రెండింటికి ముందు ఓఎఫ్_నోడ్_పుట్ ఉంది. మూడోదానికి లేదు. నీ టూల్ ఆ మూడోదాన్ని చూడనేలేదు. దానికి ప్యాచ్ నువ్వే రాయి, కానీ పంపేముందు నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న