బీప్ కొడుతుంటే బోర్డు మార్చకండి, ముందు ర్యామ్ తీసి చూడండి

“పాత డెస్క్‌టాప్‌లో ర్యామ్ నేనే మార్చుకోవచ్చా, షాపుకి తీసుకెళ్లాలా?” అని అడిగారు. నిక్షేపంగా మీరే మార్చుకోవచ్చండి. ర్యామ్ అంటే కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు వాడుకునే మెమరీ, మెయిన్ బోర్డు మీది స్లాటులో గుచ్చే సన్నటి స్టిక్కు.

మాది రాజోలు దగ్గర లంక ఊరు. పెళ్లి కార్డులు, జెరాక్సులు చేసే చిన్న డీటీపీ షాపు నాది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు కంప్యూటర్‌ని డాబా మీద గదిలోకి ఎక్కించి చుట్టాలింటికి వెళ్లిపోయాం. వరద తీశాక వచ్చి చూస్తే దానికి చుక్క నీరు తగల్లేదు. అయినా స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతోంది గానీ తెర మీద ఏమీ రాదు, బీప్ బీప్ అని ఒకటే మోత. శ్రావణమాసం పెళ్లిళ్లు దగ్గరకొచ్చేశాయి, కార్డుల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ఎంత టెన్షన్ పడ్డానో! టౌనులో మెకానిక్ మూతైనా విప్పకుండా “బోర్డు పోయిందండీ, ఆరు వేలవుద్ది” అన్నాడు. విప్పి చూడకుండా రేటు ఎలా చెప్తారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇంటికి తెచ్చేశాను. మా మరిది “వదినా, ముందు ర్యామ్ చూద్దాం” అని ప్లగ్గు పీకేసి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకున్నాడు. ఒంటి మీద పేరుకునే స్టాటిక్ కరెంటు పోవడానికి కంప్యూటర్ ఇనప పెట్టెని చేత్తో ముట్టుకుని, స్లాటు చివర క్లిప్పులు వెనక్కి నొక్కితే స్టిక్కు పైకి లేచింది. దాని అంచున బంగారు పూత గీతలు మసకబారి, అక్కడక్కడ నల్లటి మరకలు. దూరంగా కూర్చుని పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపాడు. గాడి సరిచూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమానంగా నొక్కితే క్లిప్పులు టక్కుమని పడ్డాయి. ఆన్ చేస్తే తెర వెలిగింది. నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి.

స్టాటిక్ కరెంటు గురించి వీడియోల్లో తెగ భయపెడతారు. ఆ జాగ్రత్త ఉండాల్సిందే, స్టిక్కుని అంచులతోనే పట్టుకోండి. కానీ మన డెల్టాలో ర్యామ్‌కి అసలు శత్రువు చెమ్మే. ఎటు చూసినా కాలవలు, చేపల చెరువులు, అంతర్వేది వైపు నుంచి ఉప్పుగాలి. కిటికీ పక్కన కంప్యూటర్ పెట్టొద్దని ఎంతమందికి చెప్పానో, ఒక్కరూ వినరు. కొందరు స్లాటులోకి నోటితో ఊదుతారు, ఆ తుంపర్లు లోపలికే కదండీ పోయేది! గరుకు కాగితంతో రుద్దితే పూతే లేచిపోతుంది. తడి ఫోను పెట్టినట్టు ర్యామ్‌ని బియ్యం డబ్బాలో పెట్టిన మనిషి కూడా మా వీధిలో ఉన్నారు. ఆ తవుడంతా స్లాటులోకి చేరుతుంది.

కొత్తది కొనాలంటే పాత స్టిక్కు మీద స్టిక్కర్ ఫొటో తీసుకెళ్లండి. ర్యామ్‌లో రకాలున్నాయి: డీడీఆర్3కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288, గాడి కూడా వేరే చోట ఉంటుంది. పట్టకపోతే బలవంతంగా నొక్కకండి, స్లాటు విరుగుతుంది. 32 బిట్ విండోస్ అయితే 4 జీబీకి మించి వేసినా మామూలుగా వాడుకోదు.

నా షాపులో ఇప్పటికీ ఆ పాత స్టిక్కులే. వానాకాలంలో పని లేకపోయినా రోజూ అరగంట ఆన్ చేసి ఉంచుతాను.