తల్లిదండ్రుల గ్రూపు తెరిచేముందు

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. హెడ్‌మిస్ట్రెస్‌గా చేరిన నెలకే తల్లిదండ్రుల గురించి ఇంత ఆలోచిస్తున్నావంటే నాకు చాలా సంతోషంగా ఉంది. వాట్సాప్ గ్రూపులు, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ ఛానల్ మూడూ ఒకేసారి మొదలుపెడదామా అని అడిగావు. వద్దమ్మా. మూడు తలుపులు తెరిచి ఏ తలుపు దగ్గరా మనిషి లేకపోతే, వచ్చినవాళ్ళు ఇంకోసారి రారు. ముందు తరగతుల గ్రూపులు సరిగ్గా నడుపు. మిగతావి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

నాకు తెలిసిన ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. అందరికీ సంబంధించింది గ్రూపులో చెప్పు. ఒక పిల్లవాడికి సంబంధించింది ఆ ఇంటివాళ్ళకే చెప్పు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను.

మేం గ్రూపులు పెట్టిన మొదటి ఏడాది, ఫీజు బాకీ ఉన్నవాళ్ళ లిస్టుని ఆఫీసు క్లర్కు ఫోటో తీసి ఏడో తరగతి గ్రూపులో పెట్టేశాడు. పదకొండు పేర్లు. నేను పెట్టమనలేదు, పెట్టకూడదని ముందే చెప్పనూలేదు. అది నా తప్పే. చూసిన వెంటనే తీయించాను, కానీ అప్పటికే చాలామంది చూసేశారు. మర్నాడు పొద్దున్నే ఒక తల్లి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఫోన్ నా టేబుల్ మీద పెట్టి, స్క్రీన్‌షాట్‌లో కూతురి పేరు దగ్గర వేలు ఉంచి, "ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది కదండీ మేడమ్" అంది. గట్టిగా అరిచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆ పిల్ల నాలుగు రోజులు స్కూలుకి రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ చెప్పాకే వచ్చింది.

అందుకని మార్కులు, ఫీజులు, గైర్హాజరు, అల్లరి, ఆరోగ్యం, ఇవేవీ గ్రూపులోకి రాకూడదు. పొగడ్త కూడా ఆలోచించి పెట్టు. ఫస్టు వచ్చిన ముగ్గురి పేర్లు పెడితే మిగతా ఇళ్ళలో ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో మనకు తెలియనిది కాదు. పొరపాటున పెట్టినా డిలీట్ చేయొచ్చులే అనే ధైర్యం వద్దు. 'అందరికీ డిలీట్' చేయడానికి వాట్సాప్ రెండు రోజులకు పైగా టైమ్ ఇస్తుంది గానీ, స్క్రీన్‌షాట్‌కి ఒక్క క్షణం చాలు. ఇంకో సంగతి. వాట్సాప్ వాడాలంటే 13 ఏళ్ళు నిండాలి, కానీ అమ్మ ఫోన్ పిల్లల చేతిలోనే ఉంటుంది. కాబట్టి ప్రతి మెసేజ్ పిల్లలు కూడా చదువుతారనుకునే రాయి.

ఇక గ్రూపు ఎలా పెట్టాలంటావా. ఇప్పుడు ఒక గ్రూపులో 1024 మంది పడతారు కదా అని స్కూలంతా ఒకే దాంట్లో వేయకు. సెక్షన్‌కి ఒకటి చాలు. 'అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు' అనే సెట్టింగు 2018 నుంచీ ఉంది, మొదటిరోజే అది ఆన్ చేయి. అది లేకపోతే పుట్టినరోజు శుభాకాంక్షలు, ఎక్కడినుంచో వచ్చిన ఫార్వర్డ్‌ల మధ్య పరీక్ష తేదీ కొట్టుకుపోతుంది. గ్రూపులో ఉన్నవాళ్ళకి ఒకరి నంబరు ఒకరికి కనిపిస్తుందని మర్చిపోకు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు మెసేజ్‌లు పెడుతున్నారని మా దగ్గర ఒక తల్లి బాధపడింది. చేర్చేముందు ప్రతి ఒక్కరినీ అడుగు. ఇష్టం లేదన్నవాళ్ళకి విడిగా పంపు. 2023లో వచ్చిన వాట్సాప్ ఛానల్‌లో ఫాలో అయ్యేవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. సెలవులు, టైమ్‌టేబుల్ లాంటివాటికి అది బాగానే ఉంటుంది. కానీ ఛానల్ అంటే బయటివాళ్ళు కూడా చూడగలిగేది, పిల్లల ఫోటోలు అందులో పెట్టకు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు, అంటే ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా పంపే పద్ధతి వాడితే, మన నంబరు తల్లిదండ్రులు సేవ్ చేసుకుని ఉండాలి. లేకపోతే మెసేజ్ వాళ్ళకి చేరదు. "మాకేం రాలేదు మేడమ్" అని కొందరు అన్నప్పుడు వాళ్ళు అబద్ధం చెబుతున్నారనుకోకు, ముందు ఇది చూసుకో.

మెసేజ్ రాసేటప్పుడు 'రేపు', 'ఎల్లుండి' అనే మాటలు వాడకు. నవ్వొస్తుందేమో గానీ, ఇది చాలా పెద్ద విషయం. ఒకసారి "రేపు స్కూలుకి సెలవు" అని పెట్టాం. నెలన్నర తర్వాత ఎవరో అదే మెసేజ్‌ని ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేశారు. ఫార్వర్డ్ అయినదాంట్లో పాత తేదీ కనిపించదు కదా. మర్నాడు రెండు తరగతుల్లో సగం బెంచీలు ఖాళీ. అప్పటినుంచీ ప్రతి మెసేజ్‌లో వారం, తేదీ, ఏ తరగతికి, ఎవరు పంపారు అన్నీ ఉండేలా చూశాను. విషయం మొదటి వాక్యంలోనే చెప్పేయి. "గౌరవనీయులైన తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెడితే, పనిలో ఉన్న తండ్రి అసలు సంగతి వచ్చేలోపే ఫోన్ జేబులో పెట్టేస్తాడు. నాలుగు పేజీల పీడీఎఫ్ పంపి చేతులు దులుపుకోకు. చదవడం రాని అమ్మానాన్నలు కూడా ఉంటారు. ముఖ్యమైనదైతే నీ గొంతుతో అరనిమిషం వాయిస్ మెసేజ్ కూడా పెట్టు. వాళ్ళు పక్కింటివాళ్ళని అడగాల్సిన పని తప్పుతుంది.

అడ్మిషన్ ఫారంలో ఉన్న నంబరు ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కో. చాలా ఇళ్ళలో అది తండ్రిది. ఆయన రాత్రి ఇంటికి చేరేదాకా తల్లికి ఏమీ తెలియదు. ఇద్దరి నంబర్లూ తీసుకో. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ పేర్లు క్లాస్ టీచర్ దగ్గర ఉండాలి. వాళ్ళకి ఎస్సెమ్మెస్సో, డైరీలో చీటీయో వెళ్ళాలి. అదీ అదేరోజు.

ఫోటోల గురించి కాస్త ఎక్కువే చెబుతాను, భయం అక్కడే ఉంది కాబట్టి. బహుమతి పట్టుకుని నవ్వుతున్న పాప ఫోటో మా టీచరొకరు స్కూలు ఫేస్‌బుక్ పేజీలో పెట్టింది. ఎంతో ముచ్చటగా ఉంది. జూమ్ చేసి చూస్తే మెడలో ఐడీ కార్డు మీద పేరు, తరగతి, వాళ్ళ నాన్న ఫోన్ నంబరు స్పష్టంగా కనబడుతున్నాయి. మొహం, పేరు, స్కూలు, నంబరు అన్నీ ఒకేచోట, ఎవరైనా చూసేలా. ఆ రోజు నాకు చేతులు వణికాయి. ఫోటో తీసేముందు కార్డులు తీయించు. మొహంతోపాటు పూర్తిపేరు రాయకు. బస్సు ఎక్కే చోటు, టైము బయట పెట్టకు. వాట్సాప్‌లో ఫోటోని డాక్యుమెంట్‌గా పంపితే, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉన్నప్పుడు తీసిన చోటు కూడా ఫైల్‌తోపాటే వెళ్తుంది. ఏడాది మొదట్లోనే రాతపూర్వకంగా అనుమతి అడుగు, వద్దన్నవాళ్ళని కారణం అడగకు. తల్లిదండ్రులు విడిపోయిన ఇళ్ళుంటాయి, పిల్లలు ఎక్కడున్నారో తెలియకూడని ఇళ్ళుంటాయి. అవన్నీ మనకి చెప్పాల్సిన అవసరం వాళ్ళకి లేదు.

ఫేస్‌బుక్ పేజీ పెట్టినప్పుడు ఇది గుర్తుంచుకో: మనం పెట్టింది ఫాలో అయ్యే అందరికీ కనిపించదు, ఎవరికి చూపించాలో ఫేస్‌బుక్కే తేల్చుకుంటుంది. కాబట్టి అత్యవసరమైనది ఏదీ పేజీ మీద ఆధారపడకూడదు.

రాత్రి పదింటికి ఒక తండ్రి కోపంగా మెసేజ్ పెడతాడు. తప్పకుండా పెడతాడు. గ్రూపులో పెట్టే వీలుండదు కాబట్టి నీకే విడిగా పెడతాడు. జవాబు ఒకటే: "చూశానండీ. రేపు ఉదయం తొమ్మిదింటికి నేనే ఫోన్ చేస్తాను." ఇక్కడ మాత్రం 'రేపు' అనొచ్చు, చేసి తీరాలి. రాతలో వాదనకి దిగకు. అక్షరాల్లో గొంతు వినబడదు, మామూలు మాట కూడా కసురుకున్నట్టు అనిపిస్తుంది. టీచర్ల సొంత నంబర్లు ఇవ్వనివ్వకు, స్కూలుకి ఒక ఫోన్ కొను. జవాబిచ్చే వేళలు ముందే చెప్పు. చంటిబిడ్డ తల్లి అయిన టీచరు అర్ధరాత్రి హోంవర్క్ డౌట్లకి జవాబులు టైప్ చేయడం నేను చూశాను, అలా జరగనివ్వకు.

ఒకటి మిగిలింది. స్కూలు పేరు ఫోన్ మీద కనబడగానే తల్లిదండ్రుల గుండె గుభేల్‌మంటుంది. ఏం తప్పు చేశాడో, దెబ్బ తగిలిందో అని. దాన్ని పోగొట్టడానికి నేనొక పని చేసేదాన్ని. ప్రతి టీచరూ వారానికి ఇద్దరు పిల్లల ఇళ్ళకి, విడిగా, ఒక మంచిమాట పంపాలి. "బాగా చదువుతున్నాడు" లాంటిది పనికిరాదు. "కొత్తగా చేరిన పిల్లాడికి మీ అబ్బాయి తన పక్కన చోటిచ్చాడు" లాంటిది కావాలి. మా దగ్గర ఒక తండ్రి అలాంటి మెసేజ్‌ని రెండేళ్ళు ఫోన్‌లో దాచుకున్నాడు. ఫోన్ మార్చినప్పుడు అది పోతుందేమోనని స్కూలుకి వచ్చి, మళ్ళీ పంపమని అడిగాడు.

గ్రూపులో నువ్వు పెట్టబోయే మొదటి మెసేజ్ రాసి, పెట్టేముందు నాకు పంపు. ఆ అనుమతి ఫారం కూడా. చూసి అదేరోజు చెబుతాను.

ఆశీస్సులతో,
నీ పెద్ద మేడమ్