గృహ కూడిక మా ఇంట్లో, ఏం పెట్టమంటారు?

చర్చి సంఘ జీవితం గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబులు ఇవి. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఉంచాం.

ప్రశ్న: అక్కా, మాది అనంతపురం. మా సంఘంలో శుక్రవారం సాయంత్రం గృహ కూడిక (ఇళ్లలో ప్రార్థన), వంతుల ప్రకారం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. మొదట్లో టీ, బొరుగులతో అయిపోయేది. ఒకాయన కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఉగ్గాని, బజ్జీలు పెట్టారు. ఆ తర్వాతి ఇంట్లో ఓళిగలు. పోయిన నెల ఏకంగా చికెన్ బిర్యానీ, పైన ఐస్‌క్రీమ్. వచ్చే నెల మా వంతు. మా ఆయన ప్రైవేటు స్కూల్లో టీచరు, అదే నెలలో పిల్లల ఫీజులు కట్టాలి. ఉత్త టీ ఇస్తే ఏమనుకుంటారో అని ఒకటే టెన్షన్. వంతు వదులుకుందామంటే ఆయన ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: టీ పెట్టు చెల్లీ. పక్కన ఉడకేసిన చెనిక్కాయలు ఒక పెద్ద గిన్నెలో పెట్టు, అందరూ అందులోంచే ఒలుచుకు తింటారు. చెనిక్కాయలు పెట్టడానికి అనంతపురంలో నామోషీ ఏముంది? మీ ఆయన మాటే సరైనది, వంతు వదులుకోవద్దు.

నీ సంగతి అలా ఉంచి, మీ సంఘంలో ఒకటి గమనించు. ఈ ఏడాదిలో "మా ఇంట్లో జాగా చాలదమ్మా, ఈసారికి మమ్మల్ని వదిలేయండి" అన్న ఇళ్లు ఏవో గుర్తు చేసుకో. ఒంటి గది ఇళ్లలో గడప బయట వీధిలో చాపలు పరచుకుని కీర్తనలు పాడిన సంఘాలు మనవి, జాగా ఎప్పుడూ అడ్డం రాలేదు. ఆ మాట మీ సంఘంలో ఏ నెల నుంచి వినపడుతోందో చూడు, బిర్యానీ మొదలైన నెలతో సరిపోతుందని నా అనుమానం. అందరికన్నా తక్కువ సంపాదించే ఇంటివాళ్లు మొహమాటం లేకుండా పిలవగలిగితేనే అది కూడిక, లేకపోతే ఉన్నవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకునే విందు. బైబిల్ కాలంలో కొరింథు పట్టణపు సంఘంలో కూడా ఇదే గొడవ. కలిసి తినడానికని చేరి, ఉన్నవాళ్లు ముందే కడుపునిండా తిని లేనివాళ్లను ఆకలితో కూర్చోబెడితే పౌలు ఎంత గట్టిగా తిట్టాడో మొదటి కొరింథీ పత్రిక పదకొండో అధ్యాయం తీసి చదువు.

ఈ మాట కూడికలో లేచి చెప్పొద్దు, బిర్యానీ పెట్టినవాళ్లు నొచ్చుకుంటారు, వాళ్లూ ప్రేమతోనే పెట్టారు. పాస్టరమ్మ గారితోనో, మీ వీధి చూసే సంఘ పెద్దతోనో విడిగా మాట్లాడు. కమిటీలో ఒక మాట అనుకుంటే చాలు: గృహ కూడికకు టీ, ఒక తినుబండారం, అంతే. ఎవరికైనా ఉద్యోగం వచ్చినా, మనవడు పుట్టినా, పెట్టాలన్న సరదా ఉంటే చర్చి ఆవరణలో ప్రేమ విందుకు ఆ నెల బియ్యమో, కోళ్లో ఇవ్వొచ్చు, సంఘమంతా కలిసి వండుకుంటుంది. ఈ నియమం మొదట పెద్దల ఇళ్లలో అమలు కావాలి. వాళ్ల ఇళ్లలో కాజాలు, కారాలు అంటూ నాలుగు రకాలు వచ్చాయంటే ఆ తీర్మానం కాగితం మీదే ఉండిపోతుంది.

చెప్పక తప్పని ఇంకో సంగతి. చాలా ఇళ్లలో పాస్టరు అయ్యగారికి, కమిటీవాళ్లకు కుర్చీలు వేసి స్టీలు ప్లేట్లలో జీడిపప్పు, చాప మీదవాళ్లకు పేపర్ ప్లేట్లలో మిక్చరు. చిన్నపిల్లలు కూడా కనిపెట్టేస్తారు ఇది. నీ ఇంట్లో మాత్రం ఒకే గిన్నె పెట్టు. ఏడింటికని చెప్పి ఏడుంబావుకి మొదలుపెట్టినా పర్వాలేదు గానీ గంటలో ముగించండి, ఊరి చివర నుంచి షేర్ ఆటోలో వచ్చేవాళ్లు, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు వింటూనే గడియారం చూస్తుంటారు పాపం.

ప్రశ్న: మదనపల్లె నుంచి కడపకు వచ్చి స్థిరపడ్డాం. మా తాతగారు మనది ప్రెస్బిటేరియన్ పద్ధతి అనేవారు. చర్చి బోర్డు మీద చూస్తే సీఎస్ఐ అని ఉంది. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. సీఎస్ఐ అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. మదనపల్లెలో పనిచేసింది అమెరికా రిఫార్మ్డ్ చర్చి వాళ్ల ఆర్కాట్ మిషన్. వాళ్లది ప్రెస్బిటేరియన్ పాలన, అంటే పాస్టరు ఒక్కడే నిర్ణయించడు, సంఘం ఎన్నుకున్న పెద్దలు ఆయనతో కలిసి కూర్చుని నిర్ణయిస్తారు. కడప, గుత్తి, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్, వాళ్లు ఎక్కువగా కాంగ్రిగేషనల్ పద్ధతివాళ్లు, అంటే ఏ సంఘం సంగతి ఆ సంఘమే నిర్ణయించుకుంటుంది. ఈ రెండు పాయలూ 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘంగా కలిశాయి. ఆ సంఘం 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు శాఖలవాళ్లతో కలిసి సీఎస్ఐ అయింది. అప్పటి నుంచి మనకు బిషప్ ఉన్నారు, పెద్దలు మాత్రం పాస్టరేట్ కమిటీ రూపంలో అలాగే ఉన్నారు. మీ తాతగారు తప్పు చెప్పలేదు.

ఆ పాత పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. స్కాట్లాండ్‌ ప్రెస్బిటేరియన్ సంఘాల్లో ఒక్కో పెద్దకు కొన్ని ఇళ్లు అప్పగించేవారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజన సంస్కారానికి ముందు ఆయన ఆ ఇళ్లకు వెళ్లి మంచీచెడూ కనుక్కునేవాడు. ఏ ముసలమ్మ మంచాన పడింది, ఏ అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు, ఆ పెద్దకు తెలిసి ఉండాలి. మన దగ్గర పెద్దలు ఇంటికి రావడం చందా పుస్తకం చంకన పెట్టుకున్నప్పుడే ఎక్కువ కనిపిస్తోంది. మీ సంఘంలో సహవాస గుంపులు కొత్తగా పెట్టాలనుకుంటే వాట్సాప్ గ్రూపుతో మొదలుపెట్టకండి. పది పన్నెండు ఇళ్లకు ఒక పెద్దను, ఒక సోదరిని అప్పగించి, పుస్తకం లేకుండా వెళ్లిరమ్మని చెప్పండి.

ప్రశ్న: కర్నూలు నుంచి రాస్తున్నాను. మా స్త్రీల సమాజంలో ముప్పై మందిమి ఉన్నాం. కన్వెన్షన్ (చర్చి పెద్ద కూటాలు) వస్తే వంట మాదే, క్రిస్మస్ కేకులు, పెళ్లిళ్లకు పూలు మావే. లెక్కల దగ్గరికి, నిర్ణయాల దగ్గరికి వచ్చేసరికి "మీరు ప్రార్థన చేయండమ్మా" అంటారు. మేం వంట కమిటీయేనా?

జవాబు: వంట చేయడంలో తక్కువేమీ లేదు, వంటకే పిలవడంలో ఉంది. స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ సంఘంలో స్త్రీల గిల్డ్ (సమాజం) 1887లోనే మొదలైంది, స్త్రీల పనికి సంఘంలో ఒక చోటు, ఒక క్రమం ఉండాలని. అంత దూరం ఎందుకు, మన దేశపు క్రైస్తవ నాయకురాలు శాంతి సాలమన్ గారినే తీసుకోండి. 1956లో అమెరికా ప్రెస్బిటేరియన్ స్త్రీలు ఏర్పాటు చేసిన బృందంలో ఆవిడ ఆసియా దేశాలు తిరుగుతుంటే కొరియా వీసా రాలేదు, ఫిలిప్పీన్స్‌లో ఆగిపోవాల్సి వచ్చింది. ప్రార్థనకు వీసా అక్కర్లేదు కదా అని ఆలోచించి ఒక పద్ధతి చెప్పారు: ఎవరి కోసమైనా ప్రార్థించినప్పుడల్లా మీ దేశంలో అన్నిటికన్నా చిన్న నాణెం ఒకటి పక్కన పెట్టండి. కలెక్టరు భార్యయినా, కూలికి పోయే ఆవిడైనా వేసేది అదే నాణెం, ఎవరూ ఎక్కువ వేసి పేరు తెచ్చుకోలేరు. అలా పోగైన డబ్బు దేశదేశాల్లో అవసరమైన పనులకు వెళ్తోంది. మన దగ్గర పావలా 2011 జూన్‌తో చెల్లకుండా పోయింది, అర్ధరూపాయి చేతికి దొరకడమే అరుదు కాబట్టి రూపాయి బిళ్ల వేయండి, ఇబ్బందేం లేదు.

మీ సమాజం డబ్బుకు మీ పుస్తకం, మీ ట్రెజరర్ ఉండాలని, పాస్టరేట్ కమిటీలో మీవాళ్లు కూర్చోవాలని రాతపూర్వకంగా అడగండి. "ఆడవాళ్లకెందుకు" అని ఎవరైనా అంటే పక్కనున్న నంద్యాల డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) గుర్తు చేయండి. 2013లో సీఎస్ఐ మొదటి మహిళా బిషప్‌గా ఎగ్గోని పుష్పలలిత గారు బాధ్యత తీసుకున్నది అక్కడే. ఈలోగా వచ్చే కన్వెన్షన్‌కు వడ్డన యూత్‌వాళ్లకు, గిన్నెలు తోమడం కమిటీ అయ్యవార్లకు అప్పజెప్పి చూడండి, చర్చ త్వరగా తెములుతుంది.

ప్రశ్న: జమ్మలమడుగు దగ్గర పల్లె మాది. చర్చిలో పంటల పండుగకు వచ్చిన కానుకలు వేలం వేస్తారు. పోయినసారి ఒక సొరకాయ కోసం ఇద్దరు పంతానికి పోయి వేలల్లో పాడారు. తర్వాత వాళ్లకు మాటల్లేవు. వేలం ఎత్తేయాలా?

జవాబు: ఎత్తేయక్కర్లేదు, అందులో సరదా ఉంది, డబ్బు సంఘానికే పోతుంది. మైకులో ఇంటిపేర్లు, కులం పేర్లు పిలిచి రెచ్చగొట్టే ఆయన్ని మార్చండి, సగం పంతం అక్కడే పోతుంది. సగం కాయగూరలు చిన్న కుప్పలు పోసి ఒకే ధరకు ముందే అమ్మేయండి, పాటకు దిగలేనివాళ్లు కూడా పండుగ పూట ఏదో ఒకటి ఇంటికి పట్టుకెళ్తారు. పాడినవాళ్లు అక్కడికక్కడే డబ్బు కట్టి సొరకాయ తీసుకోవాలి. "రేపిస్తాలే" అన్నవాళ్ల పేర్లు మీ ట్రెజరర్ పుస్తకంలో వచ్చే పంటల పండుగ దాకా అలాగే ఉంటాయి, ఒకసారి అడిగి చూడండి.