బాబుకి పాత సినిమాలు ఎక్కట్లేదా? ఇలా చూపించండి

తొమ్మిదేళ్ల బాబుకి మాయాబజార్ పెడితే ఇరవై నిమిషాలకే లేచిపోయాడని రాశారు. తప్పు వాడిది కాదండి. మూడు గంటల సినిమా, పైగా ఘటోత్కచుడు రావడానికే బోలెడు సేపు పడుతుంది.

ముందు ఆదిత్య 369 పెట్టండి. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసింది. మ్యూజియంలో వజ్రం దొంగతనం ఓ స్కూలు కుర్రాడి కంట పడుతుంది కాబట్టి పిల్లలు ఇట్టే కథలో పడిపోతారు. టైమ్ మెషిన్ కృష్ణదేవరాయల కాలంలో దిగేదాకా కూర్చోబెట్టండి, ఇక లేవడు. భవిష్యత్తులో 2504వ సంవత్సరం చూపించే సెట్లు మాత్రం ఇప్పుడు చూస్తే కాస్త అట్టముక్కల్లా అనిపిస్తాయి. నాకు అదీ ముచ్చటే.

తర్వాత మాయాబజార్‌కి రండి, కానీ నేరుగా వివాహ భోజనంబు దగ్గర మొదలెట్టండి. ఎస్వీ రంగారావు గారు కూర్చున్నచోటే ఉంటే లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి నోట్లో పడతాయి. 1957లో కంప్యూటర్ లేకుండా ఎలా చేశారో వాణ్నే చెప్పమనండి. మా అమ్మాయి దారం కట్టారని పందెం కాసి, ఆ ముక్క నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసింది. అన్నట్టు, 2010లో విడుదలైన రంగుల ప్రింటే పెట్టండి.