బారసాలలో పెట్టిన పేరు రిజిస్టరుకు ఎక్కలేదు

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. బారసాల నాడు మావారు బియ్యంలో ఉంగరంతో వాళ్ల అమ్మగారి పేరు రాశారు. నేను మాత్రం ఆద్య అని పిలుచుకుంటాను. ఏడాదిన్నరగా పుట్టింట్లో ఉంటున్నాం. జనన ధ్రువపత్రంలో పేరు గడి ఖాళీగానే ఉంది. బడిలో చేర్చుకోవాలంటే పేరున్న పత్రం కావాలన్నారు. పురపాలక కార్యాలయంలో అడిగితే భార్యాభర్తలిద్దరూ వచ్చి సంతకాలు పెట్టాలన్నారు. నేనొక్కదాన్నే పెట్టించకూడదా? మా పుట్టింటి ఇంటిపేరు చేర్చవచ్చా?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: బియ్యంలో రాసిన పేరును బంధువులు ఒప్పుకుంటారేమో గానీ రిజిస్ట్రారుకు దానితో పని లేదమ్మా. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 14వ సెక్షన్ ప్రకారం, పేరు లేకుండా నమోదైన బిడ్డకు తర్వాత పేరు చేర్పించవచ్చు. ఏడాదిలోపు అయితే రుసుము ఉండదు. ఆ పైన ఆలస్య రుసుము కట్టి పదిహేనేళ్ల వరకు చేర్పించుకోవచ్చు. కాబట్టి గడువు దాటలేదు. చిక్కంతా రెండో సంతకం దగ్గరే.

2023లో కేరళ హైకోర్టు ముందుకు అచ్చం ఇలాంటి తగాదాయే వచ్చింది. విడిగా ఉంటున్న భార్యాభర్తలు, పేరు లేని పత్రం, చేర్చుకోని బడి. తల్లీతండ్రుల్లో ఎవరైనా ఒకరు పేరు చేర్పించవచ్చని కోర్టు చెప్పింది. అయినా ఇద్దరూ పట్టు వీడకపోవడంతో పాప బాగోగుల దృష్ట్యా పేరు తానే ఖరారు చేసింది. పాప తల్లి దగ్గర పెరుగుతోంది కాబట్టి తల్లి కోరిన పేరును ముందుంచి, దానికి తండ్రి పేరు జోడించింది. కన్నవాళ్ల పంతం తీర్చడానికి న్యాయమూర్తి పేరు పెట్టాల్సి రావడం నాకైతే ఇబ్బందిగానే అనిపించింది.

ఆ తీర్పు ఆంధ్రప్రదేశ్‌లో శిరోధార్యం కాదు, కానీ ఇక్కడి కోర్టు దాన్ని తేలిగ్గా తీసిపారేయదు. మీరు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. కాదంటే, ఆ కాదన్న మాట కాగితం మీద రాసివ్వమనండి. నోటిమాట పట్టుకుని హైకోర్టులో రిట్ (అధికారి చర్యను సవాలు చేసే పిటిషన్) వేయలేం.

ఇంటిపేరు విషయంలో తొందరపడవద్దు. బిడ్డ ఇంటిపేరు తల్లి నిర్ణయించవచ్చని సుప్రీంకోర్టు 2022లో చెప్పిన మాట నిజమే. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు మీద వెళ్లిన అప్పీలే. కానీ అందులో తండ్రి చనిపోయాడు, తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. మీవారు బతికే ఉన్నారు, బిడ్డ తనదేనంటున్నారు. ఇంటిపేరు కోసం పట్టుబడితే పేరు కూడా ఆగిపోతుంది.

ఫలానా పేరు పెట్టకూడదనే జాబితా మన దేశంలో లేదు. 'ఆద్య'కు అడ్డేమీ లేదు. మధ్యవర్తిత్వంలో అత్తగారి పేరును రెండో పేరుగా ఒప్పుకోగలరేమో ఆలోచించండి.

పేరును ఆంగ్ల అక్షరాల్లో కాగితం మీద పెద్దగా రాసి తీసుకెళ్లండి. సంఖ్యాశాస్త్రం కోసం అక్షరం కలపాలనుకుంటే అది ముందే తేల్చుకోండి. అదే నమోదు చట్టం 15వ సెక్షన్ కింద తప్పులు దిద్దుతారు, మనసు మారిందంటే దిద్దరు.